గెలాక్సీల మీద పీహెచ్‌డీకి ఇలస్ట్రిస్‌టీఎన్‌జీ డేటా: వాడినవాడి రివ్యూ

గెలాక్సీలు ఎలా ఏర్పడ్డాయి, కాలంతో పాటు ఎలా మారాయి అనే అంశం మీద పీహెచ్‌డీలో చేరినవాళ్ళలో చాలామంది ఏదో ఒక దశలో ఇలస్ట్రిస్‌టీఎన్‌జీ అనే విశ్వ సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో నడిపిన నమూనా విశ్వం) వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరుస్తారు. ఈ రంగంలో అందరూ టీఎన్‌జీ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. నా థీసిస్‌లో ఎక్కువ భాగం ఈ డేటా మీదే నడిచింది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొచ్చేలా వివరంగా ఒక రివ్యూ రాయాలని చాలా రోజులుగా ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రంగంలో ఉచితంగా దొరికేవాటిలో ఇంత శ్రద్ధగా తయారుచేసిన డేటా సర్వీస్ నేను ఇంకోటి చూడలేదు. అయితే దీన్ని ఏ ప్రశ్న అడగొచ్చు, ఏ ప్రశ్న అడిగితే ఉపయోగం లేదు అన్నది తెలుసుకోకుండా దిగితే, సిమ్యులేషన్ రాసినవాళ్ళు ముందే లోపల పెట్టిన జవాబును మళ్ళీ బయటికి తీసి అదే మన ఫలితం అనుకునే ప్రమాదం ఉంది. నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది దాని గురించే, కానీ ముందు అసలు ఈ సర్వీస్‌లో ఏమేం దొరుకుతాయో చెప్పాలి.

విశ్వంలోంచి ఒక ఘనాకారపు ముక్కను కంప్యూటర్‌లో తీసుకుని, బిగ్ బ్యాంగ్ తర్వాత కోటీ ఇరవై లక్షల ఏళ్ళప్పటి స్థితి నుంచి ఇవాళ్టి దాకా, అంటే దాదాపు 1380 కోట్ల ఏళ్ళు, గురుత్వాకర్షణ, గ్యాస్ కదలిక, అయస్కాంత క్షేత్రాలు, నక్షత్రాల పుట్టుక, సూపర్‌నోవాలు, భారీ బ్లాక్ హోల్స్ అన్నీ కలిపి నడిపించిన సిమ్యులేషన్ ఇది. పెట్టెలు మూడు. టీఎన్‌జీ50 ఒక పక్క సుమారు 17 కోట్ల కాంతి సంవత్సరాలు, టీఎన్‌జీ100 సుమారు 36 కోట్లు, టీఎన్‌జీ300 వంద కోట్లకు కాస్త తక్కువ. వెనక ఉన్న కోడ్ పేరు అరెపో, ఫోల్కర్ స్ప్రింగెల్ 2010లో ప్రచురించినది. గ్యాస్‌ను కదలని గడుల్లో కాకుండా గ్యాస్‌తో పాటే కదులుతూ ఆకారం మార్చుకునే గడుల్లో (వొరొనాయ్ సెల్స్) లెక్క కట్టడం దాని ప్రత్యేకత. పెద్ద పెట్టెలను జర్మనీలోని స్టుట్‌గార్ట్ సూపర్‌కంప్యూటర్ హేజెల్ హెన్ మీద నడిపారు, టీఎన్‌జీ50 ఒక్కదానికే 16 వేలకు పైగా ప్రాసెసర్ కోర్లు ఏడాదికి పైగా పనిచేశాయి. టీఎన్‌జీ100, టీఎన్‌జీ300 డేటాను 2018 డిసెంబర్‌లో, టీఎన్‌జీ50 డేటాను 2021లో అందరికీ తెరిచారు. మొత్తం కలిపి ఒక పెటాబైట్ దాటుతుంది.

ఒక్కసారి ఆలోచించండి, ఇంత ఖర్చుతో, ఇంతమంది శ్రమతో చేసిన పనిని వాళ్ళు తమ గ్రూపులోనే ఉంచుకుని ఏళ్ళ తరబడి పేపర్లు రాసుకోవచ్చు. అలా చేయకుండా అందరికీ ఇచ్చేశారు. సూపర్‌కంప్యూటర్ దగ్గర్లో లేని డిపార్ట్‌మెంట్‌లో చదివే స్టూడెంట్‌కి కూడా, పేరున్న సంస్థలో ఉన్న ప్రొఫెసర్‌కి అందేదే అందుతుంది. దీనికి మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదని నాకు అనిపిస్తుంది.

అకౌంట్ పెట్టుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. రిజిస్టర్ అయ్యాక ఒక ఏపీఐ కీ ఇస్తారు, దాన్ని పైథాన్ కోడ్‌లో పెట్టుకుని నేరుగా సర్వర్‌ను అడగడమే. సిమ్యులేషన్ నడుస్తుండగా ఒక్కో సమయంలో భద్రపరిచిన స్థితిని స్నాప్‌షాట్ అంటారు. టీఎన్‌జీ100లో చివరి స్నాప్‌షాట్, అంటే ఇవాళ్టి విశ్వం, ఒక్కటే 1.7 టెరాబైట్లు. దాన్ని మొత్తం దించుకోవడం చాలామందివల్ల కాదు, అవసరం కూడా లేదు. నాకు ఫలానా ద్రవ్యరాశి కంటే ఎక్కువ ఉన్న గెలాక్సీల జాబితా కావాలి, వాటిలో ఈ ఒక్క గెలాక్సీ చుట్టూ ఉన్న గ్యాస్ మాత్రమే కావాలి, అందులోనూ సాంద్రత, వేగం, లోహాల (హైడ్రోజన్, హీలియం కాని మూలకాల) శాతం ఉంటే చాలు అంటే అంతవరకే కోసి ఒక చిన్న హెచ్‌డీఎఫ్5 ఫైల్‌గా ఇస్తుంది. దీన్ని కటౌట్ అంటారు. మామూలు ల్యాప్‌టాప్ మీద, మోస్తరు ఇంటర్నెట్‌తో నిజమైన పరిశోధన మొదలుపెట్టగలగడం ఈ కటౌట్ వల్లే సాధ్యం.

ఇంకా ఎక్కువ కావాలంటే వాళ్ళ సర్వర్ మీదే జూపిటర్‌ల్యాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే చోటు) ఇస్తారు. డేటా ఉన్నచోటే మన కోడ్ నడుస్తుంది, ఏదీ దించుకోనక్కర్లేదు. వేల గెలాక్సీల మీద ఒకే లెక్క వేయాలనుకున్నప్పుడు కటౌట్లు ఒక్కొక్కటిగా లాగడం కంటే ఇది ఎన్నో రెట్లు హాయి. ఇది అందరూ పంచుకునే వనరు కాబట్టి మెమరీకి, స్టోరేజ్‌కి పరిమితులుంటాయి. మొత్తం స్నాప్‌షాట్‌ను ఒకేసారి మెమరీలోకి ఎక్కిద్దామనే ఆలోచన మానేసి, ముక్కలు ముక్కలుగా చదివేలా కోడ్ రాసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. నేను ఇచ్చే ఇంకో సలహా ఏంటంటే, ప్రతి పెట్టెకి తక్కువ రిజల్యూషన్ రూపాలు కూడా ఉన్నాయి, టీఎన్‌జీ100-2, టీఎన్‌జీ100-3 అని. కోడ్ ముందు వాటి మీద పరీక్షించి, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే అసలుదాని మీద నడపండి. ఎంతో సమయం కలిసొస్తుంది, పైగా రిజల్యూషన్ మారితే మీ ఫలితం మారుతోందా లేదా అన్న పరీక్ష కూడా దాంతోనే అయిపోతుంది. ఆ పరీక్ష మన పేపర్‌ను పరిశీలించే రిఫరీ ఎలాగూ అడుగుతారు.

డాక్యుమెంటేషన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సైన్స్ సాఫ్ట్‌వేర్‌లో డాక్యుమెంటేషన్ అంటే రాసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అర్థంకాని రెండు పేజీలు ఉండటం మామూలే, ఇక్కడ అలా కాదు. ప్రతి డేటా ఫీల్డ్‌కి పేరు, యూనిట్, దాని అర్థం, ఎలా లెక్కకట్టారు, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. మనం తప్పు చేయగల చోట్లను వాళ్ళే ముందుగా ఊహించి హెచ్చరించారు. పెద్ద గెలాక్సీ డిస్క్‌లోంచి ఊడిన గ్యాస్ ముద్దను కూడా గెలాక్సీలను గుర్తించే సబ్‌ఫైండ్ ప్రోగ్రామ్ ఒక్కోసారి విడి గెలాక్సీగా లెక్కేస్తుంది. అలాంటివాటిని వేరుచేయడానికి కేటలాగ్‌లో ఒక ఫ్లాగ్ పెట్టారు. చిన్న గెలాక్సీల మీద పనిచేసేవాళ్ళు ఆ ఫ్లాగ్ చూడకపోతే డార్క్ మ్యాటర్ (కాంతి ఇవ్వని, కంటికి కనిపించని పదార్థం) లేని వింత గెలాక్సీలు కనిపెట్టామని సంబరపడే అవకాశం ఉంది.

డాక్యుమెంటేషన్ ఎంత బాగున్నా చదవాల్సింది మనమే. ద్రవ్యరాశులన్నీ వెయ్యి కోట్ల సూర్యుళ్ళు అనే యూనిట్‌లో, అదీ విశ్వం వ్యాకోచ రేటును చెప్పే హబుల్ స్థిరాంకానికి సంబంధించిన హెచ్‌తో భాగించి ఇస్తారు. ఇక్కడ హెచ్ విలువ 0.6774, దాన్ని మరిచిపోతే ప్రతి ద్రవ్యరాశీ మూడింట ఒక వంతు తేడా వస్తుంది. దూరాలు విశ్వం వ్యాకోచంతో పాటు సాగే కోమూవింగ్ లెక్కలో ఉంటాయి, కాబట్టి పాతకాలపు గెలాక్సీ సైజు కావాలంటే స్కేల్ ఫ్యాక్టర్‌తో (ఇవాళ్టితో పోలిస్తే అప్పటి విశ్వం ఎంత ఉందో చెప్పే సంఖ్య) గుణించాలి. ఇవి అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది ఒకటుంది, నక్షత్రాల కణాలు ఉండే జాబితాలోనే గెలాక్సీ నుంచి బయటికి ఎగజిమ్మే గాలుల కణాలు కూడా కలిసి ఉంటాయి. నక్షత్రం పుట్టిన సమయం అనే ఫీల్డ్‌లో విలువ సున్నా లేదా అంతకంటే తక్కువ ఉంటే అది నక్షత్రం కాదు, గాలి. వడకట్టకుండా వాడితే, అప్పుడే నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీల్లో లెక్క చెడిపోతుంది. అలాగే నక్షత్రాలు పుట్టేంత చిక్కగా ఉన్న గ్యాస్‌కి లెక్కలో వచ్చే ఉష్ణోగ్రత నిజమైన ఉష్ణోగ్రత కాదు, మోడల్ సమీకరణం ఇచ్చే ఒక సగటు విలువ. ఆ సంఖ్యను తీసుకుని చల్లటి గ్యాస్, వేడి గ్యాస్ అని విభజించకూడదు.

ఒక గెలాక్సీ నక్షత్రాల ద్రవ్యరాశి ఎంత అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. దానికి కట్టుబడి ఉన్న నక్షత్రాలన్నీ అని ఒక లెక్క, సగం నక్షత్రాలు ఉండే వ్యాసార్థానికి రెట్టింపు దూరంలోపల అని ఇంకో లెక్క, 30 కిలోపార్సెక్‌ల (సుమారు లక్ష కాంతి సంవత్సరాల) లోపల అని మరో లెక్క. చిన్న గెలాక్సీలకి పెద్ద తేడా ఉండదు గానీ, గుంపుల మధ్యలో కూర్చునే అతిపెద్ద గెలాక్సీల చుట్టూ పలచటి నక్షత్రాల కాంతి చాలా దూరం పరుచుకుని ఉంటుంది కాబట్టి వాటి ద్రవ్యరాశి మనం తీసుకున్న నిర్వచనాన్ని బట్టి బాగా మారిపోతుంది. టెలిస్కోప్ డేటాతో పోల్చేముందు అక్కడ వాళ్ళు ఏ నిర్వచనం వాడారో చూసుకోవాలి. ఈ రంగంలో వచ్చే విభేదాల్లో కొన్ని నిర్వచనం సరిచేయగానే మాయమవుతాయని నా గట్టి నమ్మకం.

గెలాక్సీల వంశవృక్షాలైన మెర్జర్ ట్రీల సంగతికొస్తే, పీహెచ్‌డీకి ఇది బంగారం. ఇవాళ్టి గెలాక్సీని పట్టుకుని దాని ప్రధాన శాఖ వెంట వెనక్కి పోతుంటే అది ఎప్పుడు ఎంత ఉంది, ఎవరితో కలిసింది, ఎప్పుడు నక్షత్రాలు పుట్టడం ఆగిపోయింది అన్నీ వరుసగా కనిపిస్తాయి. టెలిస్కోప్‌లో ఒక్కో గెలాక్సీ ఒక్క క్షణమే కనిపిస్తుంది, దాని గతం మనం ఊహించాల్సిందే, ఇక్కడ గతం కళ్ళముందే ఉంటుంది. సబ్‌లింక్, ఎల్‌హాలోట్రీ అని రెండు రకాల ట్రీలు ఇచ్చారు, నేను సబ్‌లింక్‌నే వాడాను, అది అవసరమైతే ఒక స్నాప్‌షాట్‌ను దాటేసి కూడా వంశాన్ని కలుపుతుంది. అయినా రెండు గెలాక్సీలు బాగా దగ్గరికి వచ్చినప్పుడు ఏ కణం ఎవరిదన్నది తేల్చడం సబ్‌ఫైండ్‌కి కష్టమే. అప్పుడు ద్రవ్యరాశి గ్రాఫ్‌లో ఒకదానిది హఠాత్తుగా పడిపోతుంది, రెండోదానిది అంతే హఠాత్తుగా పెరుగుతుంది, తర్వాతి స్నాప్‌షాట్‌లో మళ్ళీ తారుమారు. అది భౌతికశాస్త్రం కాదు, లెక్కలో వచ్చే గందరగోళం. రెండు గెలాక్సీలు కలిసినప్పుడు వాటి ద్రవ్యరాశుల నిష్పత్తి ఎంత అని చెప్పాలంటే, చిన్న గెలాక్సీ ద్రవ్యరాశి తన గరిష్ఠంలో ఉన్న సమయానికి తీసుకోవడం అందుకే.

స్నాప్‌షాట్లు వంద. సగటున రెండింటి మధ్య 14 కోట్ల సంవత్సరాల ఎడం. గెలాక్సీ ఎదుగుదలకి ఇది చాలు, కానీ బ్లాక్ హోల్ ఒక్కసారిగా రెచ్చిపోయి చల్లారిపోవడం, నక్షత్రాల పుట్టుక ఒక్కసారిగా ఎగసి పడిపోవడం లాంటివి ఆ ఎడంలో కనిపించకుండా పోతాయి. పైగా ఆ వందలో 20 మాత్రమే పూర్తి స్నాప్‌షాట్లు, మిగతా 80లో అయస్కాంత క్షేత్రం, ఒక్కో రసాయన మూలకం శాతం లాంటి ఫీల్డ్‌లు ఉండవు. స్టోరేజ్ ఆదా కోసం తప్పలేదని అర్థమవుతుంది గానీ, రసాయన పరిణామం మీద పనిచేసేవాళ్ళకి ఇది నిజంగా ఇబ్బందే. మీ ప్రశ్న దీనికి సంబంధించినదైతే థీసిస్ ప్లాన్ రాసేముందే ఏ స్నాప్‌షాట్‌లో ఏముందో పట్టిక చూసుకోండి. కాలంలో దగ్గర దగ్గరగా డేటా కావాలంటే పెట్టెలో కొన్ని చిన్న భాగాలకి వేల సంఖ్యలో అవుట్‌పుట్‌లు ఇచ్చారు, వాటిని సబ్‌బాక్స్ అంటారు. వాటిని వాడేవాళ్ళు తక్కువ, వాడాల్సినవాళ్ళు ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. కంప్యూటర్‌లో ఒక్కో నక్షత్రాన్ని, ఒక్కో బ్లాక్ హోల్ అంచును చూపించడం కుదరదు. టీఎన్‌జీ100లో ఒక్క నక్షత్ర కణం అంటే సుమారు 14 లక్షల సూర్యుళ్ళు. అంతకంటే చిన్న స్థాయిలో జరిగేదంతా సమీకరణాల రూపంలో చేత్తో పెట్టాల్సిందే. సూపర్‌నోవాల శక్తి గ్యాస్‌ను ఎంత వేగంతో తోస్తుంది, బ్లాక్ హోల్ ఎప్పుడు ఏ పద్ధతిలో శక్తి వదులుతుంది అన్నవి అలా పెట్టినవే. వాటిలోని విలువలను నిజమైన విశ్వంలో కనిపించే కొన్ని విషయాలకి దగ్గరగా వచ్చేలా సర్దారు. విశ్వమంతటా నక్షత్రాల పుట్టుక రేటు కాలంతో ఎలా మారింది, ఇవాళ ఏ ద్రవ్యరాశి గెలాక్సీలు ఎన్ని ఉన్నాయి, హాలోకి (గెలాక్సీని చుట్టి ఉండే డార్క్ మ్యాటర్ ముద్ద), అందులోని నక్షత్రాలకి ఉన్న నిష్పత్తి, బ్లాక్ హోల్‌కి, గెలాక్సీకి మధ్య సంబంధం, గెలాక్సీ గుంపుల్లో ఉన్న గ్యాస్ శాతం, గెలాక్సీల సైజు. ఇవన్నీ మోడల్ తయారుచేసేటప్పుడు కళ్ళముందు పెట్టుకున్నవే. వాళ్ళు దీన్ని దాచలేదు, 2018లో వచ్చిన పేపర్లలో స్పష్టంగా రాశారు. కాబట్టి ఇవాళ్టి గెలాక్సీల సంఖ్య టీఎన్‌జీలో పరిశీలనలతో సరిపోయింది, మన సిద్ధాంతం సరైనదే అని రాస్తే ఆ వాక్యంలో కొత్త సమాచారం ఏమీ లేదు. అది సరిపోవాలనే తయారుచేశారు.

మరి ఏది మోడల్ నుంచి తనంతట తానుగా వచ్చింది? అక్కడే టీఎన్‌జీ గొప్పగా అనిపిస్తుంది. గెలాక్సీలు రంగుల్లో రెండు వర్గాలుగా చీలడం, అంటే నక్షత్రాలు పుడుతున్న నీలివి, ఆగిపోయిన ఎర్రవి, వాటి మధ్య పలచగా ఉండే ప్రాంతం, టెలిస్కోప్‌తో చేసిన పెద్ద ఆకాశ సర్వే అయిన స్లోన్ సర్వేలో కనిపించేదానికి బాగా దగ్గరగా వచ్చింది, రంగులను మాత్రం సర్దే జాబితాలో పెట్టలేదు. ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. బ్లాక్ హోల్ తక్కువగా తింటున్న దశలో చుట్టూ ఉన్న గ్యాస్‌కి ఒక తోపు ఇస్తుంది, ఆ తోపు దిశ ప్రతిసారీ ఏదో ఒక వైపు, ముందే నిర్ణయించింది కాదు. అయినా టీఎన్‌జీ50లో గ్యాస్ ప్రవాహాలు డిస్క్‌కి పైకీ కిందికీ, రెండు వైపులా ఎగజిమ్ముతూ కనిపిస్తాయి. డిస్క్‌లో గ్యాస్ చిక్కగా ఉంటుంది, పైనా కిందా పలచగా ఉంటుంది, నీళ్ళు పల్లానికి పారినట్టు తోపు అటే దారి చేసుకుంటుంది. ఆ ఆకారం ఎవరూ పెట్టలేదు. మన పాలపుంతకు పైనా కిందా 2010లో ఫెర్మీ టెలిస్కోప్ డేటాలో, 2020లో ఈరోసిటా ఎక్స్‌రే టెలిస్కోప్ డేటాలో కనిపించిన పెద్ద బుడగల లాంటివి టీఎన్‌జీ50లోని పాలపుంత లాంటి గెలాక్సీల్లో చాలావాటి చుట్టూ ఏర్పడ్డాయి. థీసిస్‌లో అధ్యాయం రాయడానికి తగిన ప్రశ్న అంటే ఇలా ఉండాలి.

రెండో వైపు కూడా చెప్పాలి. టీఎన్‌జీలో పెద్ద గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుక ఎందుకు ఆగుతుంది అని అడిగితే, బ్లాక్ హోల్ సుమారు 16 కోట్ల సూర్యుళ్ళ ద్రవ్యరాశి చేరేసరికి ఈ తోపు పద్ధతి మొదలవుతుంది, గ్యాస్ బయటికి పోతుంది, మిగిలింది చల్లారదు, పుట్టుక ఆగిపోతుంది. మీరు ఎన్ని రకాలుగా కోసి చూసినా, మెషీన్ లెర్నింగ్‌తో ఏ లక్షణం ముఖ్యమో వెతికినా, బ్లాక్ హోల్ ద్రవ్యరాశి అనే వస్తుంది. సిమ్యులేషన్ లోపల అది నిజమే. విశ్వంలో కూడా అదే కారణమా అన్నది వేరే ప్రశ్న. నిజమైన గెలాక్సీల్లో ఆ మార్పు ఒక ద్రవ్యరాశి దగ్గర అంత పదునుగా జరిగినట్టు కనిపించదు. ఆ తేడాను పట్టుకుని, తోపు ఎలా మారితే అది పోతుంది అని అడిగితే మంచి పరిశోధన అవుతుంది. బ్లాక్ హోల్స్ పుట్టుక మీద ఆసక్తి ఉంటే ఇంకా జాగ్రత్త, ఇక్కడ హాలో ఒక స్థాయి దాటగానే మధ్యలో సుమారు 12 లక్షల సూర్యుళ్ళ బ్లాక్ హోల్‌ను విత్తనంగా పెట్టేస్తారు. అది ఎలా పుట్టిందో ఈ డేటా చెప్పలేదు, అడగకూడదు కూడా. గెలాక్సీ లోపలి చల్లటి గ్యాస్ మేఘాల సంగతీ అంతే. సూపర్‌నోవా గాలులు కూడా డిస్క్‌లోని చిక్కటి గ్యాస్‌ను దాటేదాకా చుట్టుపక్కల గ్యాస్‌తో సంబంధం లేకుండా ప్రయాణించేలా పెట్టారు, కాబట్టి డిస్క్ లోపల గాలి ఎలా మొదలవుతుంది అనే ప్రశ్న ఇక్కడ అడిగి లాభం లేదు.

ఏది పెట్టింది, ఏది వచ్చింది అని తేల్చుకోవడానికి సాయం కూడా ఇదే వెబ్‌సైట్‌లో ఉంది. ప్రతి పెట్టెకి డార్క్ మ్యాటర్ మాత్రమే ఉన్న జంట సిమ్యులేషన్ ఒకటి ఉంది, అదే ప్రారంభ స్థితి నుంచి నడిపింది. గ్యాస్, నక్షత్రాలు వచ్చాక హాలో ఎంత మారిందో నేరుగా పోల్చుకోవచ్చు. 2014 నాటి పాత ఇలస్ట్రిస్ డేటా కూడా ఉంది. అందులో బ్లాక్ హోల్ శక్తి మరీ విపరీతంగా ఉండి గెలాక్సీ గుంపుల్లోంచి గ్యాస్‌ను ఊడ్చేసేది, చిన్న గెలాక్సీల సైజులు ఉండాల్సినదానికంటే పెద్దగా వచ్చేవి. టీఎన్‌జీలో సరిదిద్దినవాటిలో అవి ముఖ్యమైనవి. టీఎన్‌జీ100 ప్రారంభ స్థితి పాతదానితో జత కుదిరేలా తీసుకున్నారు కాబట్టి ఒకే గెలాక్సీ రెండు రకాల భౌతికశాస్త్రంలో ఎలా ఎదిగిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఈ సదుపాయాన్ని కొత్తవాళ్ళు పెద్దగా పట్టించుకోరు, నా దృష్టిలో అది మొదటి ఏడాదిలోనే చేయాల్సిన ఎక్సర్‌సైజ్.

ఏ పెట్టె తీసుకోవాలి అనేది ప్రశ్నను బట్టి ఉంటుంది. 100 కోట్ల సూర్యుళ్ళ ద్రవ్యరాశి ఉన్న గెలాక్సీలో టీఎన్‌జీ300లో 90 నక్షత్ర కణాలుంటాయి, టీఎన్‌జీ100లో 700, టీఎన్‌జీ50లో పన్నెండు వేల దాకా. 90 కణాలతో గెలాక్సీ ఆకారం గురించి మాట్లాడకూడదు. అరుదైన పెద్ద గెలాక్సీ గుంపులు (క్లస్టర్లు) కావాలంటే టీఎన్‌జీ50 పనికిరాదు, వాటికి టీఎన్‌జీ300, లేదా తర్వాత అదే మోడల్‌తో 352 క్లస్టర్లను నడిపిన టీఎన్‌జీ-క్లస్టర్. డిస్క్ మందం, బార్‌లు (డిస్క్ మధ్యలో ఉండే పట్టీ ఆకారాలు), లోపలి నిర్మాణం అయితే టీఎన్‌జీ50. ఒకే మోడల్ అయినా రిజల్యూషన్ మారితే గెలాక్సీల ద్రవ్యరాశి కొంత మారుతుంది, టీఎన్‌జీ300లో అదే హాలోకి తక్కువ నక్షత్రాలు వస్తాయి, కాబట్టి రెండు పెట్టెల గెలాక్సీలను ఒకే గ్రాఫ్‌లో సవరణ లేకుండా కలపొద్దు.

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఫలితాలతో పోలుద్దామనుకునేవాళ్ళు ఇప్పుడు చాలామంది. బిగ్ బ్యాంగ్ తర్వాత 30 కోట్ల ఏళ్ళలోపే ఉన్న జేడ్స్-జీఎస్-జెడ్14-0 లాంటి ప్రకాశవంతమైన గెలాక్సీలు 2024లో స్పెక్ట్రంతో నిర్ధారణ అయ్యాయి. ఆ కాలానికి టీఎన్‌జీ సరైన సాధనం కాదని నా అభిప్రాయం. రెడ్‌షిఫ్ట్ (ఎంత పాతకాలమో చెప్పే కొలత, సంఖ్య పెరిగేకొద్దీ ఇంకా పాతది) 10, అంతకంటే ముందు ఉన్న స్నాప్‌షాట్లు ఐదే, పెట్టెలు అంత అరుదైన గెలాక్సీలకి చిన్నవి, పెద్ద పెట్టెలో రిజల్యూషన్ చాలదు. టీఎన్‌జీలో అలాంటి గెలాక్సీలు లేవు కాబట్టి విశ్వశాస్త్రమే తప్పు అనే వాదన నిలబడదు. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర, అంటే వెయ్యి కోట్ల ఏళ్ళ క్రితం నక్షత్రాల పుట్టుక శిఖరంలో ఉన్న కాలం నుంచి ఇవాళ్టి దాకా అయితే దీన్ని ధైర్యంగా వాడొచ్చు.

ఒక్క సిమ్యులేషన్‌తోనే థీసిస్ ముగించొద్దని కూడా చెప్తాను. ఇలాంటిదే ఇంకో సిమ్యులేషన్ ఈగల్ ప్రాజెక్ట్ డేటా కూడా అందరికీ తెరిచే ఉంది, ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్ళకి దాని డేటాబేస్ ఇంకా తేలిక. సింబా అనే సిమ్యులేషన్ కూడా ఉంది. వీటిలో బ్లాక్ హోల్ మోడల్ పూర్తిగా వేరు, కాబట్టి మీ ఫలితం మూడింటిలోనూ వస్తే అది గురుత్వాకర్షణ, గ్యాస్ భౌతికశాస్త్రం చెప్తున్న మాట అయ్యే అవకాశం ఎక్కువ, ఒక్కదానిలోనే వస్తే మోడల్ చెప్తున్న మాట అని అనుమానించాలి. టీఎన్‌జీ, సింబా మోడళ్ళలోని విలువలను మార్చి మార్చి చిన్న పెట్టెల్లో వేల సిమ్యులేషన్లు నడిపిన కేమెల్స్ డేటా కూడా ఉచితమే. సూపర్‌నోవా శక్తి రెట్టింపైతే ఏమవుతుంది అన్న ప్రశ్నకి అది నేరుగా జవాబిస్తుంది. సౌకర్యం విషయంలో మాత్రం, డాక్యుమెంటేషన్, ఏపీఐ, జూపిటర్, ఇతర పరిశోధకులు తయారుచేసి చేర్చిన అదనపు కేటలాగ్‌లు, అణు, పరమాణు హైడ్రోజన్ అంచనాలు, టెలిస్కోప్ చూసినట్టు తయారుచేసిన బొమ్మలు, అన్నీ ఒకేచోట దొరకడంలో టీఎన్‌జీయే ముందుంది.

ఎవరికి సిఫార్సు చేస్తానంటే, పైథాన్ కాస్త వచ్చి, గెలాక్సీల గురించి ఒక నిర్దిష్టమైన ప్రశ్న చేతిలో ఉన్న ఎవరికైనా. ప్రశ్న లేకుండా డేటాలో తిరిగితే ఎన్ని నెలలైనా అందమైన బొమ్మలు వస్తూనే ఉంటాయి. టెలిస్కోప్ డేటాతో పనిచేసేవాళ్ళకి కూడా చెప్తాను, వాళ్ళు తరచూ దీన్ని దూరం పెడతారు, కానీ తమ సర్వేలో ఎంపిక పద్ధతి ఎలాంటి గెలాక్సీలను వదిలేస్తోందో పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. థియరీ వైపు కొత్త ఫీడ్‌బ్యాక్ మోడల్ (సూపర్‌నోవాలు, బ్లాక్ హోల్స్ శక్తి గ్యాస్‌ను ఎలా మారుస్తుందనే లెక్క) రాద్దామనుకునేవాళ్ళకి ఇది పోల్చుకునే కొలమానంగా ఉపయోగపడుతుందే తప్ప ప్రయోగశాల కాదు.

వాళ్ళు చేర్చితే బాగుంటుందని నేను కోరుకునేవి రెండున్నాయి. ప్రతి డేటా ఫీల్డ్ పక్కన, ఈ రాశిని మోడల్ సర్దేటప్పుడు వాడారా లేదా అన్న ఒక్క గుర్తు పెట్టాలి. ఆ సమాచారం పేపర్లలో ఉంది, కానీ కొత్త స్టూడెంట్ ముందు చూసేది పట్టికనే. రెండోది, గెలాక్సీలు ఢీకొనే దశలో ద్రవ్యరాశి తారుమారయ్యే చోట్లను గుర్తించే ఫ్లాగ్ ఒకటి ట్రీలోనే ఉంటే, ప్రతి థీసిస్‌లోనూ ఆ పని మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాల్సిన అవసరం తప్పుతుంది.